అడ్మిరల్‌గారి ఆఖరి ట్రిప్పు

రియర్ అడ్మిరల్ మోహనకృష్ణగారు రాయపూర్‌ని ఓడించడానికి రోహిణి కార్తెను ఎంచుకున్నారు.

ముప్ఫయ్యేళ్ళకు పైగా నౌకాదళంలో ఉన్న మనిషి. ఎదుటివాణ్ణి ఏ వేళలో, ఏ గాలిలో ఎదుర్కోవాలో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ నెలాఖరున ఢిల్లీలో రిటైరయ్యారు. ఆ మర్నాటి నుంచీ భార్య మాలతి "రాయపూర్ ఎప్పుడెళ్దాం, ఇల్లు చూడాలి కదా" అంటూనే ఉంది. ఆయన ఈ వారం కాదు పైవారం అంటూ నెట్టుకొచ్చి, రోళ్ళు పగిలే ఎండలు మొదలయ్యాయని పేపర్లో చూసుకున్నాక, ఎంతో దయతలచినవాడిలా టిక్కెట్లు తీశారు. మూడు రోజులు ఆ వడగాడ్పుల్లో తిరిగితే ఆవిడే "వద్దులెండి" అంటుందని ఆయన లెక్క.

అసలు తప్పు ఆయన నోటిదే. బదిలీ ఆర్డరు వచ్చినప్పుడల్లా భోజనాల బల్ల దగ్గర ఆ కబురు చెప్పి, ఆవిడ ముఖం వాడిపోవడం చూసి, "ఈ ఒక్కసారికీ సర్దుకో మాలతీ, రిటైరయ్యాక ఏ ఊరైనా నీ ఇష్టం" అనేవారు. కొచ్చిలో అన్నారు. ముంబయిలో అన్నారు. పోర్ట్ బ్లెయిర్‌లో అయితే పెట్టెలు ఇంకా పూర్తిగా విప్పకముందే మళ్ళీ అన్నారు. మాటకేం, ఎన్నిసార్లైనా ఇవ్వచ్చు. ఆయన మర్చిపోయారు గాని ఆవిడ మర్చిపోలేదు. మాలతి పుట్టి పెరిగింది రాయపూర్ రైల్వే కాలనీలో. ఆవిడకు ఆ ఊరు కావాలి.

అడ్మిరల్‌గారికి విశాఖపట్నం కావాలి. బీచ్ రోడ్డు మీద పదో అంతస్తులో ఒక ఫ్లాటు చూసి పెట్టుకున్నారు కూడా. బాల్కనీలో కుర్చీ వేసుకుంటే హార్బరులోకి వచ్చే ఓడ, పోయే ఓడ కనిపిస్తాయి. సోమవారంలోగా ఔనో కాదో చెప్పమని ఆ బిల్డరు అడిగాడు. ఆ సంగతి మాలతికి తెలుసు. "సరే, రాయపూర్‌లో ఇల్లు కూడా చూసి చెప్తాను" అని ఊరుకుంది. ఆ 'చెప్తాను' అన్న మాట దగ్గరే ఆయన కొంచెం జాగ్రత్తపడి ఉండాల్సింది.

శుక్రవారం పొద్దున్న రాయపూర్ స్టేషన్లో రైలు దిగేసరికే ప్లాట్‌ఫారం పెనంలా ఉంది. అడ్మిరల్‌గారికి ప్రాణం లేచొచ్చింది. మాలతి అన్నయ్య అమ్మిరాజు పూలదండతో సిద్ధంగా ఉన్నాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. రిటైరై ఎన్నేళ్ళయినా తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వదల్లేదు. ఆయన భార్య రంగనాయకమ్మ మంచినీళ్ళ సీసా పట్టుకుని పక్కనే నిలబడింది.

"వచ్చీసేరా బావగారూ! ట్రైను పది నిమిషాలు లేటు. మా రోజుల్లో అయితే మెమో ఇచ్చీసేవోళ్ళు."

"అన్నయ్యా, ఏటిలగ చిక్కిపోనావు? వదినా, అన్నం పెట్టడం మానీసేవేటి?" అంది మాలతి.

అడ్మిరల్‌గారు ఉలిక్కిపడి భార్యవైపు చూశారు. ఢిల్లీలో రాయబారుల భార్యలతో నాలుక తడబడకుండా ఇంగ్లీషు మాట్లాడే మనిషి. రాయపూర్ ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే, ఏనాడో శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ నాన్న రైల్లో తెచ్చుకున్న మాట, ఏ సొరుగులోంచో తీసినట్టు అలాగే బయటికొచ్చింది. ఇది మంచి శకునం కాదనిపించింది ఆయనకు.

సాయంత్రం అమ్మిరాజు ఇంట్లో చూడ్డానికొచ్చినవాళ్ళు నిండిపోయారు. అందరూ రైల్వేవాళ్ళే, అందరూ రిటైరైనవాళ్ళే. కూలరుకు ఎదురుగా అడ్మిరల్‌గారికి పెద్ద కుర్చీ వేశారు. మెయిల్ డ్రైవరుగా చేసిన సూరిబాబు కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఎంక్వయిరీ ఆఫీసరులా గొంతు సవరించుకున్నాడు.

"అడ్మిరల్ అంటే మా డివిజనంతటికీ పెద్దసారు, డీఆర్ఎమ్ కంటే పెద్దా అండీ, చిన్నా?"

అడ్మిరల్‌గారు చిరునవ్వు నవ్వారు. "రెంటికీ పోలిక లేదండీ. అది వేరు, ఇది వేరు."

"పోనీ, సెలూన్ ఉండేదా?"

సెలూన్ అంటే పెద్ద రైల్వే ఆఫీసర్ల కోసం రైలుకు తగిలించే ప్రత్యేకమైన పెట్టె. పడక, వంటిల్లు, వంటవాడు, అన్నీ అందులోనే.

"నాకు ఏకంగా ఓడే ఉండేది కదండీ."

"ఓడ అందరిదీని. మీ ఒక్కరికీ అని వెనకాల తగిలించిన పెట్టె ఉండేదా?"

అడ్మిరల్‌గారు అబద్ధమాడని మనిషి. "అలాంటిదేమీ లేదు."

"అయితే డీఆర్ఎమ్ కంటే చిన్నే" అని సూరిబాబు తేల్చేశాడు. గదిలో ఒక్కరికీ అభ్యంతరం లేకపోయింది. పాపం చిన్నవాడైతే మాత్రమేం, మన అల్లుడే కదా అన్నట్టు అందరూ ఆయనవైపు మరింత ఆప్యాయంగా చూశారు. మాలతి వంటింటి గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

రంగనాయకమ్మ పకోడీల పళ్ళెం అందిస్తూ అడిగింది. "మరి అన్నయ్యగారూ, లాస్ట్ ట్రిప్పు ఎక్కడ్నించి ఎక్కడికి చేసేరు?"

రైల్వేలో అదొక పెళ్ళిలాంటి ముచ్చట. డ్రైవరుకైనా గార్డుకైనా ఆఖరి డ్యూటీ రోజున ఇంజనుకు దండలు వేస్తారు, స్టేషన్లో డోలు వాయిస్తారు, బండి దిగిన మనిషిని ఇంటిదాకా ఊరేగిస్తారు. అమ్మిరాజు ఆఖరి ట్రిప్పు ఫోటో ఆ గదిలోనే, దేవుడి పటానికి కొంచెం పైన ఉంది.

"మాకు అలాంటి ట్రిప్పు ఉండదమ్మా. నేను ఆఖర్లో ఢిల్లీ ఆఫీసులో కదా. కాని దానికన్నా గొప్పది ఒకటి చేస్తారు" అన్నారు అడ్మిరల్‌గారు, వెనక్కి వాలి. ఇప్పుడైనా వీళ్ళకు తన హోదా తెలుస్తుందన్న ఆశ ఆయనది. "ఆఖరి రోజున కారుకు పొడుగాటి తాళ్ళు కడతారు. నన్ను అందులో కూర్చోబెట్టి, కింది ఆఫీసర్లందరూ తెల్ల యూనిఫారాల్లో వరసగా నిలబడి, స్వయంగా తమ చేతుల్తో గేటుదాకా లాక్కెళ్ళారు."

సూరిబాబు నోటిదాకా వెళ్ళిన పకోడీని మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

"బండి ఫెయిలయిపోనాదా?" అన్నాడు అమ్మిరాజు మెల్లగా.

"లేదండీ, బండి శుభ్రంగా ఉంది."

"శుభ్రంగా ఉన్న బండిని లాగడమేటి బావగారూ?"

"గౌరవమండీ అది! మా నేవీ సంప్రదాయం!"

"మీ సంప్రదాయమే అనుకోండి. చూసినోళ్ళకి ఎలగుంటాది? ఇంజను ఫెయిలయితేనే కదా ఇంకోడొచ్చి లాగుతాడు. నా సర్వీసులో ఒకే ఒక్కసారి, నా బండిని వేరే ఇంజను పెట్టి దుర్గ్ దాకా లాక్కెళ్ళేరు. ఆ పూట నాకు అన్నం సయించలేదు" అన్నాడు సూరిబాబు. ఆయన కళ్ళలో నిజంగానే తడి కనిపించింది.

అడ్మిరల్‌గారు ఇంకో రెండు మూడు రకాలుగా వివరించబోయారు. ఎంత చెబితే అంత జాలి పెరిగింది. ఇన్నేళ్ళు దేశానికి సేవ చేసిన మనిషిని చివరికి చెడిపోయిన బండిలా తాళ్ళు కట్టి బయటికి లాగేశారన్న సంగతి పకోడీలు అయిపోయేలోగా ఖాయమైపోయింది. మన ఇంటి అల్లుడికి ఇంత అన్యాయం జరిగితే చేతులు కట్టుకు కూర్చోవడమేమిటని పెద్దలు లేచారు. ఆదివారం సాయంత్రం ఆయన చేత పద్ధతి ప్రకారం ఆఖరి ట్రిప్పు చేయించాలని తీర్మానమైంది. ఓడ ఎక్కడుంది అని ఎవరో అడిగితే, తెలీబాంధా చెరువులో బోటింగు ఉంది కదా అన్నాడు అమ్మిరాజు. దాని గట్టును ఊరంతా మెరైన్ డ్రైవ్ అనే పిలుస్తుంది, పేరు కూడా కలిసొచ్చింది అన్నాడు.

"ఇదేం పిచ్చి! నేను రాను" అన్నారు అడ్మిరల్‌గారు, అందరూ వెళ్ళాక, భార్యతో.

"పెద్దవాళ్ళు ముచ్చటపడుతున్నారండీ" అంది మాలతి, ఆయన దుప్పటి మడత విప్పుతూ. "ఈ ఒక్కసారికీ సర్దుకోండి."

శనివారం మిట్టమధ్యాహ్నం శంకర్ నగర్‌లో ఇల్లు చూడ్డానికి వెళ్ళారు. ఆ ముహూర్తం పెట్టింది కూడా అడ్మిరల్‌గారే. ఇంటాయన ధనుంజయ్, భిలాయి స్టీలు ప్లాంటులో ఇంజనీరుగా చేసిన తెలుగాయన, ఇల్లు అమ్మేసి దుర్గ్ వెళ్ళిపోతున్నాడు. సోమవారం ఇంకెవరో చూడ్డానికొస్తున్నారు, ఈలోగా ఏదో ఒక మాట చెప్పేయండి అన్నాడు.

అడ్మిరల్‌గారు జేబులోంచి తెల్ల రుమాలు తీశారు. ఓడలో తనిఖీకి వెళ్ళేటప్పుడు పెద్ద ఆఫీసరు అలాగే తెల్లటి బట్టతో ఎక్కడ దుమ్ముందో, ఎక్కడ నూనె జిడ్డుందో రాసి చూస్తాడు. ఆయన తలుపుల పైన రాశారు, ఫ్యాను రెక్కల మీద రాశారు, వంటింటి చిమ్నీ వెనక్కి చెయ్యి పోనిచ్చి రాశారు. రుమాలు నల్లబడే కొద్దీ ముఖం వెలిగింది. స్నానాలగదిలో ఒక చెంబు నీళ్ళు పోసి అవి తూముకు బదులు గుమ్మంవైపు రావడం చూపించారు. డాబా ఎక్కి రెయిలింగు తుప్పును గోటితో గీకి చూపించారు. ధనుంజయ్ ఆయన వెనకాలే చెమట తుడుచుకుంటూ తిరిగి తిరిగి, చివరికి "సార్, ఇది డాబా ఇల్లు సార్, ఇదేం నీళ్ళలోకి దింపేది కాదు" అన్నాడు.

అసలు బాణం ఆయన చివరికి దాచుకున్నారు. హాల్లో పడమటి గోడ దగ్గరికి మాలతిని పిలిచారు. "చెయ్యి పెట్టి చూడు."

మాలతి అరచెయ్యి ఆనించింది. "కాలుతోంది" అంది.

"మధ్యాహ్నానికే ఇలా ఉంది. సాయంత్రానికి రొట్టెలు కాల్చుకోవచ్చు."

మాలతి చెయ్యి తియ్యలేదు. గోడను అటూ ఇటూ తట్టి చూసింది. జడలోంచి పిన్ను తీసి, దాని కొనతో సున్నం మీద చిన్నగా నొక్కింది.

"ధనుంజయ్ గారూ, ఈ గోడకి మేకు దిగుతుందాండీ?"

"ఓ, హాయిగా దిగుద్దమ్మా. మీ ఇల్లయ్యాక ఎన్ని కావాలంటే అన్ని కొట్టుకోండి, ఎవడడుగుతాడు?"

మాలతి ఆ గోడవైపు చాలాసేపు చూస్తూ నిలబడింది. వాళ్ళుండిన సర్కారు బంగళాలన్నిటిలో గోడకు మేకు కొట్టకూడదు. ఖాళీ చేసేటప్పుడు కన్నాలకు సంజాయిషీ చెప్పుకోవాలి. వాళ్ళ పెళ్ళి ఫోటో, మాలతి అమ్మానాన్నల ఫోటో ఏ ఊళ్ళోనైనా నేలమీద గోడకు చేరేసే ఉండేవి. అడ్మిరల్‌గారికి అవేమీ గుర్తుకు రాలేదు. ఇంతసేపు ఇన్ని లోపాలు చూపిస్తే ఈ మనిషి మేకు గురించి అడిగిందేమిటా అని మాత్రం కొంచెం చిరాకుపడ్డారు.

ఆ సాయంత్రం పండరీ బట్టల బజారు. మర్నాటి ఊరేగింపుకు బ్యానరు గుడ్డ కావాలని రంగనాయకమ్మ బయల్దేరితే మాలతి వెంట వెళ్ళింది. ఇంట్లో ఒంటరిగా ఉంటే సూరిబాబు వస్తాడన్న భయంతో అడ్మిరల్‌గారూ వెళ్ళారు. చెప్పుకోవాల్సిన సంగతేమిటంటే, నేవీలో ఆయన ప్రత్యేక విద్య నావిగేషన్. నక్షత్రాలు చూసి హిందూ మహాసముద్రం మధ్యలో తానెక్కడున్నదీ చెప్పగలరు. ఆ సాయంత్రం రెండో సందులో ఒక సైకిల్ రిక్షాకు తప్పుకుని తల తిప్పేసరికి ఆడవాళ్ళిద్దరూ కనిపించలేదు. ఉత్తరం ఎటో ఆయనకు తెలుసు. కాని పండరీలో ఉత్తరానికి వెళ్ళినా చీరలే, దక్షిణానికి వెళ్ళినా చీరలే. ఫోను మాలతి సంచీలో ఉండిపోయింది. ఒకే గుడ్డల కొట్టు ముందుకు మూడుసార్లు వచ్చాక, కొట్టువాడు జాలిపడి స్టూలు వేసి కూర్చోబెట్టాడు.

"ఆప్ కౌన్ సాహబ్?"

"రియర్ అడ్మిరల్ మోహనకృష్ణ."

కొట్టువాడు కాసేపు ఆలోచించి, ఆ సమాధానంతో తనకు పనిలేదని తేల్చుకున్నాడు. "రాయపూర్ మే కిస్కే యహా ఆయే హో?"

ఎవరింటికొచ్చారని. అడ్మిరల్‌గారు అమ్మిరాజు పేరు చెప్పారు, ఆయన చెల్లెలి భర్తనని చెప్పారు.

"అరే! గార్డ్ సాహబ్ కే బహనోయీ!" కొట్టువాడు వీధిలోకి వంగి అరిచాడు. "గార్డ్ సాహబ్ కే బహనోయీ ఖో గయే హై!"

గార్డుగారి చెల్లెలి మొగుడు తప్పిపోయాడు అన్న కబురు కొట్టు నుంచి కొట్టుకు, సందు నుంచి సందుకు పాకిపోయింది. ఆయన టీ సగం తాగేలోగా మాలతి గుడ్డ మూటతో వచ్చింది. వస్తూ వస్తూ నలుగురైదుగురితో మాట్లాడుతూ, నవ్వుతూ వచ్చింది. కొట్టువాడు చేతులెత్తి దీదీ, మీ సామాను భద్రంగా ఉంది చూసుకోండి అన్నట్టు ఆయన్ని చూపించాడు. ఆయన తన జీవితంలో మొదటిసారి ఇంకొకరి తాలూకు మనిషిగా పరిచయమయ్యారు. అది ఆయనకు అస్సలు నచ్చలేదు.

ఆదివారం సాయంత్రం తెలీబాంధా గట్టు మీద జనం చేరారు. పిల్లల్ని తెచ్చుకున్నవాళ్ళు, మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్ళు, సెల్ఫీలు తీసుకునేవాళ్ళు. వాళ్ళందరి మధ్యా అమ్మిరాజు బలగం డోలుతో సహా దిగింది. రెండు కర్రల మధ్య ఎర్రగుడ్డ బ్యానరు. అడ్మిరల్‌గారి మెడలో మోకాళ్ళదాకా బంతిపూల దండ. ఆయన కోసం కేటాయించిన పడవ తెల్లటి హంస. పక్కపక్కన రెండు సీట్లు, సైకిల్‌కున్నట్టు పెడల్సు, మధ్యలో తిప్పడానికి ఒక హ్యాండిలు. హంస మెడకు కూడా సూరిబాబు దండ వేశాడు, ఇంజనుకు వేసినట్టే.

పద్ధతి ప్రకారమైతే భార్య ప్లాట్‌ఫారం మీదే ఎదురుచూడాలి. కాని పడవవాడు ఒప్పుకోలేదు. ఒక్కరే కూర్చుంటే హంస ఒరిగిపోతుందన్నాడు. దాంతో మాలతి కూడా చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఎక్కింది. పడవవాడు రెండు నారింజరంగు లైఫ్ జాకెట్లు తెచ్చాడు.

"నాకా?" అన్నారు అడ్మిరల్‌గారు. "నేనెవరో తెలుసా?"

"నియమ్ హే సాహెబ్. జాకెట్ తో పహిరే లా పర్‌హీ."

జాకెట్టు వేసుకోవాల్సిందేనని. నియమం అన్నాక ఆయన ఎదురుచెప్పలేరు. దండ మీద జాకెట్టు తొడిగించుకున్నారు.

అప్పుడే ఆయన పడమర చూశారు. ఆకాశం అడుగున పసుప్పచ్చటి దుమ్ముతెర లేస్తోంది. గట్టుమీది జెండా ఒక్కసారి వాలి, మళ్ళీ వేరే దిక్కుకు ఎగిరింది. "బావగారూ, గాలి మారుతోంది. కాసేపట్లో పెద్ద ఈదురుగాలి వస్తుంది. వద్దు" అన్నారు. ఈ మూడు రోజుల్లో ఆయన చెప్పిన నికార్సైన మాట అదొక్కటే.

"సిగ్నలిచ్చేసేక బండి ఆపకూడదు బావగారూ" అని అమ్మిరాజు ఈల ఊది పచ్చజెండా ఊపాడు. డోలు మోగింది. పడవవాడు హంసను కాలితో ఒక్క తోపు తోశాడు.

మొదట బాగానే సాగింది. హ్యాండిలు అడ్మిరల్‌గారి చేతిలో ఉంది, ఇద్దరూ తొక్కుతున్నారు. "నువ్వు వేగం తగ్గించు. ఆ, ఇప్పుడు పెంచు. మరీ అంత కాదు" అని ఆయన చెబుతూ ఉన్నారు, మాలతి అలాగే చేస్తూ ఉంది. చెరువు మధ్యలోకి వచ్చేసరికి గాలి కొట్టింది. దుమ్ము, ఎండుటాకులు, ఎవరిదో ప్లాస్టిక్ సంచి. హంస మెడ పొడుగైనది కాబట్టి గాలికి తెరచాపలా పనిచేసి గిరుక్కున తిరిగింది. ఎదురుగా ఫౌంటెను ఇనపగొట్టాలు. అడ్మిరల్‌గారు హ్యాండిలు గట్టిగా తిప్పి, బలంకొద్దీ పెడలు తొక్కారు. దశాబ్దాలుగా ఆజ్ఞాపించడమే తప్ప తొక్కడం ఎరగని పిక్క పట్టేసింది. "అబ్బా!" అని రెండు చేతుల్తోనూ కాలు పట్టుకున్నారు.

ఓడ నడిపేచోట ఒక నియమముంది. నడిపే బాధ్యత ఒక్క క్షణమైనా ఇద్దరి దగ్గర ఉండకూడదు, ఎవరి దగ్గరా లేకుండానూ ఉండకూడదు. దిగిపోయేవాడు "యూ హావ్ ద షిప్" అనాలి, ఓడ ఇక నీది అని. తీసుకునేవాడు "ఐ హావ్ ద షిప్" అని పైకి అనాలి. ఆ మాట అన్నాక ఆజ్ఞ అతనిదే. ఇచ్చినవాడు ఎంతటివాడైనా పక్కన నిలబడి నీళ్ళు చూసుకోవాల్సిందే. ఒంట్లో బాగోకపోయినా, కళ్ళు తిరిగినా, అధికారి నోట మొదట రావాల్సింది ఆ మాటే. కుర్రతనం నుంచీ అది ఆయన రక్తంలో ఇంకిపోయింది.

"యూ హావ్ ద షిప్!" అని అరిచారు అడ్మిరల్‌గారు.

"ఐ హావ్ ద షిప్" అంది మాలతి, హ్యాండిలు అందుకుని.

ఆవిడ హంసను గాలికి అడ్డంగా కాకుండా, నేరుగా గాలిలోకే తిప్పింది. ముక్కు గాలిలోకి పెట్టాక అది బుద్ధిగా నిలబడింది. ఫౌంటెను గొట్టాలు పక్కనుంచి వెనక్కి వెళ్ళిపోయాయి. చెట్లున్న గట్టు చాటుకు మెల్లగా చేర్చి, అక్కడ తొక్కడం ఆపింది. చీర చెంగు నడుముకు దోపుకుని ముఖం మీది దుమ్ము తుడుచుకుంది.

"ఇదంతా నీకెవరు నేర్పారు?" అన్నారు ఆయన కాలు రుద్దుకుంటూ.

"మీరే. రోజూ భోజనాల దగ్గర ఇంకేం చెప్పేవారు మీరు? పెళ్ళయిన కొత్తలో ఓడ నీది, ఓడ నాది అని నిద్దట్లో కూడా కలవరించేవారు. ఏటీ మనిషి, ఓడలు పంచుకుంటున్నాడనుకునేదాన్ని."

గాలి తగ్గింది. పిక్క సర్దుకుంది. ఆయన చెయ్యి చాచారు. "ఇటివ్వు మాలతీ."

"ఇవ్వను."

"ఏమిటీ?"

"మీరిచ్చేరు, నేను తీసుకున్నాను. మళ్ళీ మీకిచ్చానని నేననలేదు కదండీ."

అడ్మిరల్‌గారు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తనకివ్వని ఓడను లాక్కోబోయినందుకు ఒక కుర్ర లెఫ్టినెంటును నెల్లాళ్ళు ఒడ్డెక్కనివ్వని చరిత్ర ఆయనదే. కెప్టెన్ అయితే ఎవరి చేతిలోంచైనా తీసుకోవచ్చు. ఆయన ఇప్పుడు కెప్టెనూ కాదు, అడ్మిరలూ కాదు. బంతిపూల మీద నారింజరంగు జాకెట్టు వేసుకున్న గార్డుగారి చెల్లెలి మొగుడు.

"శంకర్ నగర్ ఇల్లు తీసుకుంటున్నాం" అంది మాలతి, నీళ్ళవైపు చూస్తూ. "పొద్దున్నే ధనుంజయ్ గారికి చెప్తాను. మీ బిల్డరుకి మీరు చెప్పీయండి."

"పడమటి గోడ—"

"పరదా కడదాం."

"స్నానాలగదిలో నీళ్ళు—"

"మేస్త్రీని పిలుద్దాం."

ఆయన గొంతు తగ్గింది. "సముద్రం లేదు మాలతీ, ఇక్కడ."

"ఏడాదికోసారి వెళ్దాం. మీకు లీవు దొరికినప్పుడు నన్ను మా ఊరు తీసుకొచ్చేవారు కదా, అలగే." ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే ఆయనకు బాగుండేది. కోపానికి ఆయన దగ్గర జవాబులున్నాయి. "ఇన్నేళ్ళూ మీరు చెప్పిన ప్రతి ఊరికీ వచ్చాను. ఏడుస్తూ రాలేదు. నాకూ ఒక ఊరుందండీ. అది కావాలి నాకు."

అడ్మిరల్‌గారు పెడల్సు మీద కాళ్ళు పెట్టారు. మెల్లగా తొక్కడం మొదలుపెట్టారు.

హంస రేవువైపు వచ్చింది. గాలికి బ్యానరు ఒక కర్రను వదిలేసి రెండో కర్రకు చుట్టుకుపోయింది. డోలువాడు దుమ్ము ఊసుకుంటున్నాడు. అమ్మిరాజు రేవు అంచున నిలబడి, బండి ఇక్కడ ఆగాలన్నట్టు ఎర్రజెండా అడ్డంగా చాచి పట్టుకున్నాడు. మాలతి ఆ జెండాను చూసింది. హ్యాండిలు కొంచెం అటు తిప్పింది. హంస రేవు పక్కనుంచే ముందుకు సాగిపోయింది.

"మాలతీ! రెడ్డు! రెడ్డే!" అని అరిచాడు అమ్మిరాజు.

"సిగ్నల్ దాటీసింది!" సూరిబాబు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "గార్డుగారి చెల్లెలయ్యుండి సిగ్నల్ దాటీసింది!"

"ఇంకొక్క రౌండు వదినా!" అని మాలతి రంగనాయకమ్మకు చెయ్యి ఊపింది. రంగనాయకమ్మ వెంటనే డోలువాడి వీపు మీద ఒకటి చరిచి వాయించమంది.

రెండో చుట్టులో నీళ్ళు నిమ్మళంగా ఉన్నాయి. గట్టు దీపాలు వెలిగాయి. అడ్మిరల్‌గారు తొక్కుతూనే ఉన్నారు. ఆయనకు నిజంగానే భయమేసింది. తుఫానులో వెయ్యని భయం. పొద్దున లేస్తే సెల్యూట్ చేసేవాడు లేడు, ఆఫీసు లేదు, చూడ్డానికి హార్బరు లేదు, సందు తిరిగితే దారి తెలీదు.

"మాలతీ."

"ఊఁ."

"ఈ ఊళ్ళో నాకేం పని?"

మాలతి హ్యాండిలు సరిచేసి, ఆయనవైపు తిరిగి, జాకెట్టు కింద నలిగిన దండను పైకి తీసి సర్దింది.

"మీ వెనకాల వచ్చిన ప్రతి ఊళ్ళోనూ నాకేం పనుండేదో, అదే" అంది. "మొదటి మూడు నెలలూ కష్టంగా ఉంటాదండీ. ఎవరూ తెలీరు, సాయంత్రం ఎంతకీ పడదు. కూరల బజారు దారి తెలిసేక కాస్త నయం."

అడ్మిరల్‌గారు తొక్కడం మానేశారు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక సాయంత్రం, సగం విప్పిన పెట్టెల మధ్య గచ్చు మీద కూర్చున్న మాలతిని చూసి, రోజంతా ఇంట్లో ఉండి ఏం చేశావు అని తాను విసుక్కున్నది గుర్తొచ్చింది. అప్పుడు ఆవిడ ఏం జవాబు చెప్పిందో గుర్తు రాలేదు. చెప్పనిచ్చి ఉండరు. ఆయనకు సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

"ఆపేరేటండీ? తొక్కండి, పక్కకి పోతోంది" అంది మాలతి.

"ఆ, తొక్కుతున్నా" అన్నారు అడ్మిరల్‌గారు. నాలుగు తొక్కులు తొక్కి, "ఆ కూరల బజారు ఎటువైపు?" అని అడిగారు.

మాలతి గట్టు అవతలికి చెయ్యి చాచి చూపించింది. ఆయన అటు చూస్తూ తొక్కారు.